షేకర్ల ఊళ్ళో పిల్లలు

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళని కదిపితే, వంటింట్లో షేకర్ క్యాబినెట్లు పెట్టించాం అని చెప్తుంటారు. నగిషీలేమీ లేని సాదా చెక్క తలుపులు. ఆ పేరు ఒక క్రైస్తవ శాఖదని, వాళ్ళ ఊళ్ళలో భార్యాభర్తల బంధానికి చోటే ఉండేది కాదని ఇలియాన్ వూ రాసిన ‘ద గ్రేట్ డివోర్స్’ (2010) చదివేదాకా నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

మాంచెస్టర్‌లో ఓ కమ్మరి కూతురు ఆన్ లీ. కన్న నలుగురు బిడ్డలూ పసితనంలోనే పోయారు. పాపానికంతటికీ మూలం దాంపత్యమేనని ఆమెకి తోచింది. 1774లో కొద్దిమంది అనుచరులతో ఓడెక్కి న్యూయార్క్ చేరింది. ఆమె పోయాక కూడా శాఖ పెరిగింది. ఆస్తి ఉమ్మడి. ఆడా మగా విడివిడిగా ఉండాలి. చేరిన మొగుడూ పెళ్ళాం ఆ రోజు నుంచి అన్నా చెల్లెళ్ళ లెక్క. పిల్లలు వేరే ఇంట్లో, వేరేవాళ్ళ పెంపకంలో.

ఇదంతా చీకటి వ్యవహారం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ రోజుల్లో ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా పెద్దరికం ఇచ్చిన చోటు అంతకంటే ఎక్కడుంది? 1796 నుంచి పాతికేళ్ళు మొత్తం శాఖని నడిపింది లూసీ రైట్ అనే స్త్రీయే. అనాథలకి అక్కడ తిండి, పని, చదువు దొరికేవి. నన్ను ఇబ్బంది పెట్టేదీ అదే.

యూనిస్ హాలీ, జేమ్స్ చాప్‌మన్‌ల పెళ్ళి 1804లో. ముగ్గురు పిల్లలు: జార్జ్, సూసన్, జూలియా. జేమ్స్ తాగేవాడని, కొట్టేవాడని యూనిస్ ఆరోపణ. 1811లో ఇల్లొదిలి పోయాడు. తర్వాత ఆల్బనీ దగ్గర వాటర్‌వ్లీట్ షేకర్లలో చేరాడు. 1814లో యూనిస్ ఇంట్లో లేని సమయం చూసి పిల్లల్ని తీసుకుపోయాడు. చట్టం ప్రకారం అది తప్పు కాదు! పిల్లలు తండ్రి సొత్తు. పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తీ లేదు, విడిగా ఒక మనిషన్న గుర్తింపూ లేదు. న్యూయార్క్‌లో 1787 నుంచి విడాకులకి ఒప్పుకునే కారణం వ్యభిచారం ఒక్కటే. బ్రహ్మచర్యమే మతమైన చోట చేరిన మొగుణ్ణి ఆ చట్టం ఏం పట్టుకుంటుంది?

పిల్లల్ని ఆ తర్వాత న్యూ హాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్ షేకర్ల ఊరికి పంపేశారు. న్యూయార్క్ చట్టం అందుకోలేని మరో రాష్ట్రం.

యూనిస్ ఏడుస్తూ కూర్చోలేదు. తన కథని 1817లో చిన్న పుస్తకంగా అచ్చేయించి అమ్మింది. ఏళ్ళ తరబడి శాసనసభ చుట్టూ తిరిగింది, సభ్యుల్ని ఒక్కొక్కరినే పట్టుకుని ఒప్పించింది. సభ బిల్లు పాస్ చేస్తే, గవర్నరు, న్యాయమూర్తులు కూర్చునే కౌన్సిల్ దాన్ని తిప్పికొట్టింది. 1818 మార్చిలో సభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఆ అభ్యంతరాన్ని తోసేసి ఆమెకి విడాకులిచ్చింది. వ్యభిచారం రుజువుతో పనిలేకుండా, ఒక్క మనిషి కోసం ఒక చట్టం! షేకర్లలో చేరిన తండ్రి నుంచి పిల్లల్ని తల్లికి ఇప్పించే అధికారమూ కోర్టులకి వచ్చింది. ఆ ఏడాది మే నెలాఖరులో జనం గుంపు ఎన్‌ఫీల్డ్‌ని చుట్టుముట్టింది. ముందు కొడుకు చేతికొచ్చాడు, తర్వాత కూతుళ్ళు.

ఆ గుంపు తెచ్చిన న్యాయాన్ని మెచ్చుకోడానికి నాకు మనసొప్పదు. అల్పసంఖ్యాక శాఖ మీదికి ఊరు ఊరంతా ఎగబడటం ఏ కాలంలోనైనా భయంకరమే. అయితే, అప్పుడు యూనిస్‌కి మిగిలిన ఇంకో దారి చూపించమంటే చూపించలేను.

ఆ గుంపులో ఆమె పక్కనున్న మేరీ డయ్యర్ కథ ఇంకా కష్టం. మేరీని ఎవరూ ఎత్తుకుపోలేదు. 1813లో భర్త జోసెఫ్‌తో, ఐదుగురు పిల్లలతో తనే ఎన్‌ఫీల్డ్ షేకర్లలో చేరింది. 1815లో బయటికొచ్చింది. భర్త రానన్నాడు, పిల్లల్ని ఇవ్వనన్నాడు. ఆమె పుస్తకం వేస్తే, ఆయన ఎదురు పుస్తకం వేశాడు. న్యూ హాంప్‌షైర్ శాసనసభ ఆమెకి న్యూయార్క్‌లా తలుపు తీయలేదు. విడాకులకి మరో పదేళ్ళ పైనే పట్టింది. పుట్టింటి పేరు మార్షల్ మళ్ళీ పెట్టుకుంది. పిల్లలు మాత్రం తిరిగి ఆమె దగ్గరికి రాలేదు. వాళ్ళకి ఇల్లంటే ఎన్‌ఫీల్డే. చిన్నప్పుడే తెంచిన బంధాన్ని, పెద్దయ్యాక వాళ్ళే ‘మాకొద్దు’ అంటే ఏ కోర్టు అతికిస్తుంది?

పెద్ద కొడుకు కేలబ్ ఆ ఊరి షేకర్ల ట్రస్టీ అయ్యాడు. డబ్బు, భూములు, వ్యాపారం అన్నీ అతని చేతిమీదుగానే. 1863 జూలైలో థామస్ వియర్ అనే సైనికుడు అతని దగ్గరికొచ్చాడు. అంతర్యుద్ధానికి వెళ్తూ తన కూతుళ్ళని షేకర్ల దగ్గర వదిలి వెళ్ళినవాడు. తిరిగొచ్చి పిల్లల్ని ఇమ్మంటే వాళ్ళు ఇవ్వలేదు. వియర్ పిస్తోలు తీసి కాల్చాడు. కేలబ్ కొద్దిరోజులకి చనిపోయాడు.

మేరీ అప్పటికింకా బతికే ఉంది. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఉంది.