తెలుగు క్రైస్తవంలో ‘దయ్యము’: అనువాద పదం – విశ్వాస పరిధి

ప్రస్తావన

దయ్యాలు ఉన్నాయా, ఉంటే వాటి శక్తి ఎంతవరకు అన్న ప్రశ్న క్రైస్తవ మతధర్మశాస్త్రంలో ప్రాచీనమైనది. తెలుగు నేలపై అది గ్రంథస్థమైన చర్చగా మిగిలిపోలేదు. ఊరి జాతరకు చందా ఇవ్వాలా వద్దా, జ్వరంతో ఉన్న బిడ్డను ఎవరి దగ్గరకు తీసుకువెళ్లాలి, పూనకం వచ్చిన పొరుగింటి స్త్రీని ఏమనుకోవాలి అన్న దైనందిన నిర్ణయాలలోకి అది ప్రవేశించింది. ఇందులో బైబిలు అనువాదకులు ఎంచుకొన్న తెలుగు మాటల పాత్ర తక్కువది కాదు. గ్రామీణ జీవితంలో అప్పటికే నిర్దిష్టమైన అర్థం ఉన్న ‘దయ్యము’ అనే మాటను స్వీకరించడం వల్ల తెలుగు క్రైస్తవులకు సాతాను శక్తిని గురించిన బోధ గ్రామదేవతను గురించిన ప్రశ్నగా, మరణించిన వారిని గురించిన భయంగా రూపాంతరం చెందిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పదాల ఎంపిక

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సంఘానికి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజెస్‌లు ఆనందరాయర్ సహాయంతో తెలుగు అనువాదం ప్రారంభించారు. దే గ్రాంజెస్ మరణానంతరం, 1812లో, మూడు సువార్తలు సీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తరువాత అనేక అనువాదాలు, సవరణలు జరిగాయి. వాటి ఫలితంగా స్థిరపడి నేటికీ సంఘాలలో చదువుతున్న పాత అనువాదంలో దుష్టశక్తులకు ఒక పదశ్రేణి కనిపిస్తుంది. హీబ్రూ నుండి వచ్చిన ‘సాతాను’ తత్సమంగా నిలిచింది. నింద మోపేవాడు అనే అర్థం గల గ్రీకు ‘దియబొలొస్’ అనే మాట ‘అపవాది’ అయింది. ఇది మూలార్థాన్ని చక్కగా పట్టిచ్చిన అనువాదం. ‘అపవిత్రాత్మ’, ‘దురాత్మ’ అనేవి సంస్కృత పదాలతో కల్పించిన సమాసాలు. ఈ శ్రేణిలో జనం నోట ముందునుంచీ ఉన్న మాట ‘దయ్యము’ ఒక్కటే. గ్రీకు ‘దైమోనియోన్’కు అది సమానార్థకమైంది.

ఈ రెండు మాటల చరిత్రలో ఆసక్తికరమైన పోలిక ఉంది. నిఘంటుకారులు ‘దయ్యము’ను ‘దైవము’ నుండి వచ్చిన వికృతిగా చూపారు. ప్రాచీన కావ్యభాషలో దానికి దైవం, విధి అనే అర్థాలు ఉన్నాయి. వ్యవహారంలో ఆ అర్థం దిగజారి పిశాచవాచకమైంది. గ్రీకులోనూ ‘దైమోన్’ మొదట దివ్యశక్తినే సూచించి, యూదు, క్రైస్తవ రచనలలో దుష్టశక్తికి పరిమితమైంది. ఆ పాత అర్థపు జాడ అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయంలో మిగిలి ఉంది. అక్కడ ఏథెన్సు పండితులు పౌలును విమర్శిస్తూ వాడిన పదం ‘దైమోనియోన్’ బహువచన రూపమే. అయినా తెలుగు అనువాదం అక్కడ దయ్యాలు అనక, ‘అన్యదేవతలు’ అన్నది. ఒకే గ్రీకు పదం సువార్తలలో దయ్యమై, ఏథెన్సు పౌరుల నోట దేవత అయింది. సందర్భోచితమైన ఈ విభజనను గమనిస్తే, దేవతకు, దయ్యానికి మధ్య గీత గీసే బాధ్యత అనువాదకులపై పడిందని తెలుస్తుంది.

పట్టు, పూను, నిండు

నామవాచకం కన్నా క్రియాపదం మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. తెలుగు పల్లెల్లో దయ్యం ‘పడుతుంది’, దేవత ‘పూనుతుంది’. మొదటిది బాధ. దాన్ని వదిలించడానికి భూతవైద్యుడు కావాలి. రెండవది చాలా సందర్భాలలో అనుగ్రహం. పూనకం వచ్చిన వ్యక్తి నోటి నుండి ఊరు తన భవిష్యత్తు వింటుంది, పసుపునీళ్లు పోసి మొక్కుతుంది. అనువాదకులు సువార్తలలోని బాధితులకు ‘దయ్యము పట్టినవాడు’ అనే దేశీయ ప్రయోగాన్నే స్వీకరించారు. పరిశుద్ధాత్మ విషయంలో ‘పూను’ను విడిచి, ‘నిండు’ను ఎంచుకొన్నారు.

ఈ ఎంపికకు కారణం ఊహించదగినదే. పరిశుద్ధాత్మ పూనిందంటే వినేవారికి జాతర గుర్తుకు వచ్చే ప్రమాదం ఉంది. అయితే దీని పర్యవసానం మరొకటి ఉంది. క్రైస్తవ పదజాలంలో ‘పట్టు’కు, ‘నిండు’కు చోటు దొరికింది గాని ‘పూను’కు చోటు మిగలలేదు. ఆత్మతో నిండని స్థితిలో శరీరాన్ని ఆవరించిన ప్రతి శక్తీ ‘పట్టినది’గానే లెక్కకు వచ్చింది. గ్రామం రెండుగా చూసిన అనుభవాన్ని కొత్త భాష ఒకటిగా చేసింది. అమ్మవారి పూనకం దయ్యపు పట్టుగా మారడానికి ప్రత్యేకమైన ప్రసంగం అవసరం లేకపోయింది. వ్యాకరణమే ఆ పని చేసింది.

వట్టిదా, దయ్యమా?

గ్రామదేవతల విషయంలో బైబిలులోనే రెండు ధోరణులు ఉన్నాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో విగ్రహానికి లోకంలో ఉనికి లేదని పౌలు అంటాడు. అదే పత్రిక 10వ అధ్యాయంలో అన్యుల బలులు దయ్యాలకు చెందుతాయని హెచ్చరిస్తాడు. 96వ కీర్తన అయిదవ వచన చరిత్ర కూడా ఇలాంటిదే. హీబ్రూ మూలం అన్యజనుల దేవతలను పనికిరానివి అంటే, సెప్టువజింటు అనే ప్రాచీన గ్రీకు అనువాదం వాటిని దయ్యాలు అన్నది. తెలుగు అనువాదం హీబ్రూ పాఠాన్నే అనుసరించింది. మొదటి ధోరణి ప్రకారం దేవత లేదు, కనుక భయం లేదు. రెండవదాని ప్రకారం ఆమె ఉంది, కాని దేవత కాదు. కనుక భయానికి కారణం మారింది గాని భయం పోలేదు.

కృష్ణా మండలంలో మొదటి ధోరణికి ప్రసిద్ధమైన ఉదాహరణ రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య. మాల కులస్థుడైన ఈయన మిషనరీలను కలవక ముందే విగ్రహారాధన విడిచి పరమదేవుణ్ణి వెదికినట్లు మిషన్ చరిత్రలు చెబుతాయి. బెజవాడలోని చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ థామస్ డార్లింగ్ ద్వారా 1859లో బాప్తిస్మం పొందాడు. విగ్రహం వట్టిదన్న నిశ్చయమే ఆయన కథకు ఇరుసు. ఆ తరువాత సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలన్నింటికీ ఇదే నిశ్చయం ఉండాలని ఆశించలేము. అమ్మవారి కొలుపులలో డప్పు, బలి మొదలైన విధులు వారి కులవృత్తులతో ముడిపడి ఉన్నాయి. ఆ విధులను మానుకోవడం ఊరితో ఉన్న ఒప్పందాన్ని తెంచుకోవడమే.

దేవతకూ దయ్యానికీ మధ్య గీత గీయడం ఎంత కష్టమో స్థానిక క్షేత్రాలు చూపిస్తాయి. పూర్వపు తిరువూరు తాలూకాలో చేరి, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో ఉన్న నెమలి వేణుగోపాలస్వామి క్షేత్రం పౌరాణిక దైవానిది. అదే జిల్లాలో మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో పూజలందుకొనే తిరుపతమ్మ ఈ నేలపై గృహిణిగా జీవించి, దైవత్వం పొందిన స్త్రీగా భక్తుల విశ్వాసం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డబ్ల్యు.టి. ఎల్మోర్ 1915లో ప్రచురించిన ద్రావిడ దేవతల అధ్యయనంలో, దారుణ మరణం పొందిన స్త్రీలు తెలుగు పల్లెల్లో దేవతలైన కథలను సేకరించాడు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణభారత గ్రామదేవతలపై రాసిన పుస్తకంలోనూ తెలుగు జిల్లాల కొలుపులకు విస్తారమైన చోటు ఉంది. మరణించిన వ్యక్తి శాంతిస్తే దేవత, శాంతించకపోతే దయ్యం అన్న గ్రామీణ అవగాహనలో ఈ రెండూ ఒకే మెట్లదారిపై రెండు మెట్లు. అనువాదం వాటిని ఎదురెదురు శిబిరాలుగా నిలిపింది. పైగా సువార్తలలోని దయ్యాలు చనిపోయిన వారి ఆత్మలని బైబిలు ఎక్కడా చెప్పదు. శిష్యులు యేసును చూసి భయపడిన ఘట్టంలో అనువాదకులు ‘భూతము’ అనే వేరు మాట వాడారు. అయినా తెలుగు శ్రోతకు ‘దయ్యము’ అనగానే స్ఫురించేది అకాలమృత్యువు పాలైన పొరుగువారే.

శక్తికి ఎల్లలు

క్రైస్తవ సంప్రదాయం దయ్యాల ఉనికిని అంగీకరించినా వాటి శక్తికి కచ్చితమైన ఎల్లలు గీసింది. యోబు గ్రంథంలో సాతాను అనుమతి లేనిదే కదలలేడు. మొదట ఆస్తిపై, పిమ్మట దేహంపై మాత్రమే అధికారం లభిస్తుంది. ప్రాణం జోలికి పోరాదన్న ఆంక్ష చివరిదాకా నిలుస్తుంది. 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ, దయ్యాలు స్వభావరీత్యా మంచివిగానే సృష్టించబడి, తమంతట తామే చెడ్డవయ్యాయని ప్రకటించింది. అంటే అవి దేవునికి సమానమైన ప్రతిశక్తి కావు. వాటికి నిజమైన అద్భుతాలు చేసే శక్తి లేదని, మానవుని ఇచ్ఛను అవి బలవంతపెట్టలేవని థామస్ అక్వినాస్ వాదించాడు. 1999లో వెలువడిన కాథలిక్కుల సవరించిన భూతోచ్చాటన క్రమం, వ్యాధికి, దయ్యపు పీడనకు మధ్య భేదాన్ని జాగ్రత్తగా పరిశీలించాలని కోరుతుంది.

ఈ ఎల్లలు తెలుగు పల్లెకు ఎంతవరకు చేరాయన్నది అసలు ప్రశ్న. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్‌లు మెదక్ అధ్యక్ష మండలంలోని గ్రామసంఘాలపై చేసిన అధ్యయనం 1968లో వెలువడింది. బాప్తిస్మం పొందిన కుటుంబాలలో గ్రామదేవతల పట్ల, దుష్టాత్మల పట్ల, చేతబడి పట్ల భయం కొనసాగుతున్నట్లు అది నమోదు చేసింది. దీన్ని అజ్ఞానమని తోసివేయకుండా వివరించిన పరిశోధకుడు పాల్ హీబర్ట్. పాలమూరు ప్రాంతంలో మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీగా పనిచేసిన ఈ మానవశాస్త్రవేత్త 1982లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పాశ్చాత్య మిషనరీల ఆలోచనలో పైన దేవుడు, పరలోకం ఉన్నాయి. కింద ఇంద్రియగోచరమైన ప్రకృతి ఉంది. ఆత్మలు, గ్రామదేవతలు, దిష్టి, శకునాలతో నిండిన నడిమి అంతస్తు మాత్రం లేదు. ఆ అంతస్తు ప్రశ్నలకు మిషనరీ నుండి సమాధానం రానప్పుడు విశ్వాసి తిరిగి మంత్రగాని గుమ్మం తొక్కుతాడన్నది ఆ వ్యాస సారాంశం.

హీబర్ట్ రాసిన ఒక ఉదంతం ఈ చర్చకు కీలకం. ఒక పల్లెలో మశూచి వ్యాపించింది. మైసమ్మ ఆగ్రహించిందని, దున్నపోతును బలి ఇవ్వాలని నిర్ణయం జరిగింది. క్రైస్తవులు చందా నిరాకరించి ఊరి ఒత్తిడికి గురయ్యారు. అంతలో ఒక క్రైస్తవ బాలికకే జబ్బు చేసింది. సంఘ పెద్ద వచ్చి ప్రార్థన కోరాడు. ప్రార్థన జరిగినా బాలిక మరణించింది. మిషనరీ తాను ఓడిపోయాననుకొన్నాడు. సంఘ పెద్ద అలా అనుకోలేదు. బిడ్డ బతికితే ఊరు దేవుని శక్తిని ఒప్పుకొనేదే కాని, ఆ బిడ్డా ఏదో ఒకనాడు చనిపోవలసినదే. సమాధి దగ్గర పునరుత్థాన నిరీక్షణను చూసినవారు మరణంపైనే విజయాన్ని చూశారని ఆయన భావం.

దయ్యాల శక్తికి ఎల్ల ఎక్కడ అన్న ప్రశ్నకు ఇది పల్లె నుండి వచ్చిన సమాధానం. ఇందులో మైసమ్మ వట్టిదన్న వాదం లేదు, ఆమెను దయ్యంగా నిందించడమూ లేదు. ఏ శక్తి చేసినా చేయగలిగిన చివరి హాని మరణమే. ఆ హానికి భయపడనివారి దగ్గర బేరానికి ఆ శక్తికి ఏమీ మిగలదు.

ముగింపు

ఇరవయ్యవ శతాబ్దంలో విస్తరించిన పెంతెకొస్తు సంఘాలు దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థనకు ప్రాధాన్యమిచ్చి, పాత సంఘాలు ఖాళీగా వదిలిన నడిమి అంతస్తును నింపాయి. బాధితులు, ముఖ్యంగా స్త్రీలు, తమ మాట వినే చోటును అక్కడ పొందారు. అయితే ప్రతి రుగ్మతనూ ‘పట్టు’గా చూసే ధోరణి రోగికి అందవలసిన వైద్యాన్ని ఆలస్యం చేయగలదు. ప్రతి గ్రామదేవతనూ ‘దయ్యము’ అనే ధోరణి ఇరుగుపొరుగుల మధ్య గాయం చేయగలదు. తిరుపతమ్మకు మొక్కే ఇంటికి, ఆదివారం ఆరాధనకు వెళ్లే ఇంటికి ఒకే గోడ అయిన ఊళ్లలో ఈ మాటల బరువు చిన్నది కాదు.

ఈ రెండు ధోరణులకూ మూలం ఒక అనువాద సందర్భంలో ఉందని పై పరిశీలన సూచిస్తుంది. అనువాదకులు పొరపాటు చేశారని దీని అర్థం కాదు. ‘దయ్యము’ను కాదంటే వారికి మిగిలేది పల్లెకు అంతుపట్టని సంస్కృత సమాసమే. జీవమున్న మాటను ఎంచుకొన్నప్పుడు దాని వెంట దాని పూర్వజీవితమూ వచ్చింది. తెలుగు క్రైస్తవ విశ్వాస చరిత్రను రాసేవారు ధర్మశాస్త్ర గ్రంథాలతో పాటు పట్టు, పూను, నిండు అనే మూడు క్రియల చరిత్రనూ పరిశీలించవలసి ఉంటుంది.