వర్చువల్ మెషీన్ల ఆటో సస్పెండ్

క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్‌ను పని లేనప్పుడు దానంతటదే నిద్రపుచ్చి, అవసరం పడగానే లేపే ఏర్పాటు ఇది. మెషీన్ నడిచినంతసేపూ మీటరు తిరుగుతుంది. అది పని చేసిందా లేదా అన్నది బిల్లుకు పట్టదు. వారానికి 168 గంటలు. ఐదు రోజులు, రోజుకు పది గంటల చొప్పున వాడే డెవలప్‌మెంట్ సర్వరుకు 50 చాలు.

ఆపేయడం వేరు, సస్పెండ్ వేరు. సస్పెండ్‌లో ర్యామ్‌లోని సమాచారం స్టోరేజీకి చేరుతుంది. లేపగానే ప్రోగ్రాములు ఆగినచోటు నుంచే సాగుతాయి. అమెజాన్ ఈసీ2లో 2018లో వచ్చిన హైబర్నేషన్ ఇలాంటిదే. గూగుల్ కంప్యూట్ ఇంజిన్‌లో సస్పెండ్ గడువు 60 రోజులు.

అసలు చిక్కు మెషీన్ ఖాళీగా ఉందని తేల్చడంలోనే. సీపీయూ ఒక్కటే చూస్తే మోసపోతాం: పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నప్పుడూ అది దాదాపు ఖాళీగానే కనిపించవచ్చు. అందుకే నెట్‌వర్క్ రద్దీని, లాగిన్ అయినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిద్రలో ఉన్న మెషీన్ తనను తాను లేపుకోలేదు గనుక ఆ పనిని టైమ్‌టేబుల్‌కో, బయట కాపలా ఉండే చిన్న ప్రోగ్రాముకో అప్పగిస్తారు.

ఖర్చు పూర్తిగా ఆగదు. డిస్కులకు అద్దె పడుతూనే ఉంటుంది. అజూర్‌లోనైతే మెషీన్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే చాలదు. డీఅలొకేట్ చేసేదాకా, అంటే దానికి కేటాయించిన హార్డ్‌వేర్‌ను వదిలేసేదాకా, బిల్లు నడుస్తూనే ఉంటుంది.