నెయ్యము, జిడ్డు, ఇచ్చకము: ఒక శబ్దార్థచరిత్ర

తన పనికై యెదుటివానిని లేని గుణములతో పొగడువానికి ప్రతిభాషయందును కొన్ని పేళ్లున్నవి. వానిలో పెక్కు నూనె, వెన్న మొదలగు వస్తువుల స్పర్శనుండి పుట్టినవి. ఆంగ్లేయులు పొగడి వశపఱచుకొనుటను వెన్న పూయుటగా చెప్పుదురు. హిందీయందు ‘చిక్నీ చుప్డీ బాతే’ యనగా జిడ్డుదేఱి, నెయ్యి రాచినట్లుండు మాటలని యర్థము. తెలుగునందీ యలంకారము ప్రాచీనమా, అర్వాచీనమా యనునది మా ప్రశ్న. ఇది కేవలవినోదము గాదు. స్నేహ, స్నిగ్ధ, నెయ్యాది శబ్దములు మన కావ్యములయందు అడుగడుగున గానవచ్చును. వానియందు నేటి వెటకారమును వెదకినచో కవిహృదయము చేజాఱును.

మొదట సంస్కృతమును జూతము. స్నేహశబ్దమునకు నూనె యనియు, చెలిమి యనియు రెండర్థములు గలవు. చరకసంహిత సూత్రస్థానమున స్నేహాధ్యాయము ఘృతము, తైలము, వస, మజ్జ యను నాలుగింటిని స్నేహములుగా బేర్కొన్నది. అచట స్నిగ్ధమునకు ప్రతిద్వంద్వి రూక్షము. ఎండి పగిలిన దేహమునకు మెత్తదనమిచ్చునది స్నేహము. తార్కికులు మఱియొక విశేషమును జెప్పిరి. వారు స్నేహమును జలమునకు మాత్రమే గల గుణముగా నెంచి, పిండివంటి చూర్ణము ముద్దకట్టుటకు అదియే హేతువనిరి. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున నిట్లే నిర్వచించినాడు. వేఱువేఱుగ నున్నవానిని కూర్చుటయే స్నేహము పని. మనుష్యుల చెలిమికి ఈ పేరేల వచ్చెనో యిందువలన తెలియును. ఈ శబ్దకుటుంబమున జిడ్డుదనము దోషము గాదు, గుణము.

ఇక తెలుగు మాటలు. నెయ్యి ద్రావిడపదము. తమిళమున ‘నెయ్’ నేతికిని, నూనెకును గూడ చెల్లును. నువ్వుల నెయ్యి నూనె యయ్యెను. తమిళమునందు ‘ఎణ్ణెయ్’ కూడ నిట్లే ‘ఎళ్’ అను నువ్వుల పేరితో నేర్పడినది. తెల్లని నెయ్యి వెన్న యయ్యెను. తమిళ ‘వెణ్ణెయ్’ ఇందులకు సాక్షి. అనగా మన వంటయింటి మూడు మాటలు నొక్క ధాతువునకు బిడ్డలు. చెలిమికి వాడు నెయ్యము మాత్రము వీని తోబుట్టువు గాదు. అది స్నేహశబ్దమునుండి ‘ణేహ’ యను ప్రాకృతరూపము ద్వారా వచ్చినది. వేఱువేఱు పుట్టుకలు గల నెయ్యియు నెయ్యమును తెలుగున నొక్క పోలికకు వచ్చినవి. వెన్నకును మన నుడికారమున నింద లేదు. వెన్నవంటి మనస్సు, వెన్నతో పెట్టిన విద్య యను పలుకుబళ్లు ఆదరసూచకములే.

మఱి తెలుగువారు జిడ్డును నిందింపలేదా? నిందించిరి, కాని వేఱొక కారణమున. జిడ్డుమనిషి యనగా పట్టిన పట్టు విడువనివాడు, ఎంత వదలించుకొన్నను వదలనివాడు. పరుగులు తీయక వికెట్టును కాచుకొనియుండు క్రికెట్టు ఆటగానిది ‘జిడ్డాట’ యని నేటి పత్రికలు వ్రాయుచున్నవి. హిందీవారు జిడ్డునందు నునుపును జూచి, జాఱుడుమాటలకు దానిని పేరుగా పెట్టిరి. తెలుగువారు దానియందు అంటుకొని వదలకుండుటను జూచిరి. వస్తువొక్కటే, తప్పు పట్టిన చోటు వేఱు.

కపటస్తుతికి మన భాషలోని పాతమాటలను పరికించినచో, వానిలో జిడ్డు కానరాదు. ఇచ్చకము ‘ఇచ్చ’తో జేరినది, ఎదుటివాని యిచ్చ కనుకూలముగ బలుకుట. ముఖస్తుతి, ముఖప్రీతి యనునవి ముఖముతో జేరినవి. ఎదుట నొకటి, చాటున నొకటి యను సూచన వానిలో గలదు. తేనె పూసిన కత్తి యనుట రుచితో జేరినది. చాటుశబ్దమునకు సంస్కృతమున ప్రియవచనము, పొగడ్త యని యర్థము. తెలుగున చాటువు సందర్భోచితమైన విడిపద్యమునకు పేరై గౌరవమును బొందినది. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికయందు దమనకుడు ప్రియముగా బలికియే పింగళక సంజీవకుల చెలిమిని విఱుచును. మిత్రలాభమునకు ఎదురుగా మిత్రభేదమును నిలిపిన ఆ గ్రంథమున, ఇచ్చకము నెయ్యమునకు శత్రువేగాని రూపాంతరము గాదు.

వెన్నకును కపటమునకును ముడిపెట్టిన మాట తెలుగున లేకపోలేదు. అది ‘మస్కా’. పారసీకమున మస్కా యనగా వెన్న. హిందూస్థానీలో మస్కా రాచుట పొగడి పని సాధించుకొనుట. ఈ మాట దక్కను ప్రాంతపు ఉర్దూ సాంగత్యమున మనకు వచ్చియుండునని తోచుచున్నది. తెలుగున నిది ‘మస్కా కొట్టు’ యైనది. ‘మార్నా’ యను క్రియకు ‘కొట్టు’ సరియైన అనువాదము. కాని అర్థము మాఱినది. కాపలావానికి మస్కా కొట్టి పాఱిపోయెననినచో, అతనిని పొగడెనని కాదు, మోసగించెనని. వెన్న యను మూలార్థము తెలియని జనులు పొగడ్తను విడిచి, దాని ఫలమైన వంచనను మాత్రమే నిలుపుకొనిరి. ఇక ‘వెన్న పూయుట’ యను నేటి వ్రాతలలోని ప్రయోగము పరభాషల యనుకరణమని మా యభిప్రాయము.

కావున రెండు పొరలను వేఱుపఱుపవలెను. పాతపొరలో స్నిగ్ధత కలయికకు గుర్తు, ఇచ్చకము వేఱొక జాతి. క్రొత్తపొరలో వెన్న కపటమునకు పరికరము. పాఠము చెప్పునప్పుడు ఒకదానిపై మఱియొకదానిని పూయరాదు. నిఘంటుకర్తలును మస్కావంటి మాటలకు అర్థముతోపాటు వచ్చిన త్రోవను గూడ సూచించుట మేలు. నేతిబీరకాయలో నేయి యెంత యని మనవారి సామెత. పేరున నెయ్యి యుండి కాయలో లేకపోవుటను వారు పరిహసించిరి. నెయ్యిని మాత్రము వారు తప్పు పట్టలేదు.