మైనంలో మిగిలిన మందు

తేనెలో చక్కెర పాకం కలిపే సంగతి మీకు తెలిసినదే. తేనెటీగలను బతికించడానికి మనిషి తేనెపెట్టెలోనే పెట్టిన మందు సంగతి తెలిసినవారు తక్కువ.

1904లో ఊడెమాన్స్ అనే డచ్ శాస్త్రవేత్త జావా ద్వీపపు తేనెటీగలపై దొరికిన ఎర్రని నల్లిని వర్ణించాడు. దాని పేరు వారోవా. మన చెట్టుతొర్రల్లో పట్టు పెట్టే ఈగ కూడా ఆ ఆసియా జాతిదే; నల్లిని దులుపుకోవడం దానికి తరతరాల విద్య. ఐరోపా ఈగకు ఆ విద్య అంతగా లేదు. పెట్టెలు దేశాలు దాటడంతో గత శతాబ్దం మధ్యలో నల్లి దానికి అంటుకుంది. 1987లో అమెరికాలో కనబడింది.

అప్పుడు ఫ్లువాలినేట్ పట్టించిన ప్లాస్టిక్ పట్టీలు పెట్టెల్లో వేలాడదీశారు. మన దోమల మందుల కుటుంబానికి చెందినదే అది. కొన్నేళ్లకే నల్లులు దానిని తట్టుకోసాగాయి. ఇటలీలో 1990ల ఆరంభంలోనే. అమెరికాలో ఆ దశాబ్దం చివర కూమాఫాస్‌కు అత్యవసర అనుమతి లభించింది. పశువుల పిడుదులకు వాడే ఆర్గానోఫాస్ఫేట్ ఇది. ఆ మాట వినగానే నాబోటి ప్రభుత్వ వైద్యునికి గుర్తుకు వచ్చేది పురుగుమందు తాగి వచ్చిన రోగి, సూదిమొనల్లా కుంచించుకుపోయిన కంటిపాపలు, అట్రోపిన్ ఇంజెక్షన్లు.

అయితే భయపడే ముందు మోతాదు చూడాలి. ఈ రెండు మందులూ కొవ్వులో కరుగుతాయి. తేనె చక్కెర, నీరు. మైనం కొవ్వు వంటిది. కనుక మందు చాలావరకు మైనంలోకే చేరుతుంది. తేనెలో కూమాఫాస్‌కు ఐరోపా విధించిన గరిష్ఠ పరిమితి కిలోకు 0.1 మిల్లీగ్రాము. 2010లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన పరీక్షల్లో 98 శాతం మైనపు నమూనాలలో ఈ మందులు బయటపడ్డాయి. కిలో మైనంలో ఫ్లువాలినేట్ 204, కూమాఫాస్ 94 మిల్లీగ్రాముల వరకు! పాత మైనాన్ని కరిగించి మళ్లీ పలకలుగా పోస్తారు. కరిగించినంత మాత్రాన మందు పోదు; ఏటేటా పేరుకుంటుంది. దాని ఫలితం ముందుగా అనుభవించేది ఈగలే. కూమాఫాస్ ఎక్కువగా ఉన్న మైనంలో పెంచిన రాణి ఈగలు సరిగా ఎదగకపోవడం పరిశోధనల్లో కనబడింది.

తేనె తాగేవారు దీనికి బెంగపడనక్కరలేదని నా అభిప్రాయం. పట్టుముక్కతో సహా నమిలే అలవాటున్నవారు మాత్రం అది ఎక్కడిదో విచారించి, మైనం ఉమ్మివేయడం మేలు.

నేడు చాలా దేశాలలో ఆక్జాలిక్, ఫార్మిక్ ఆమ్లాలు వాడుతున్నారు. మొదటిది మన చుక్కకూరలో ఉన్నదే, రెండవది చీమల విషంలోనిది. ఇవి మైనంలో పేరుకోవు. కానీ వాటి ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను దహిస్తుంది. తేనెటీగలు పెంచే రైతు సోదరులు ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుంటే చాలదు. ఆమ్లపు ఆవిరిని ఆపే మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి.