మన మాటే వాళ్ళకు విదేశీ భాష



పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన సంఘంలో ఒక ప్రశ్న తప్పదు. "మా పిల్ల జర్మన్ చదువుతానంటోంది. పరాయి దేశం మాట అన్నం పెడుతుందా?" అడిగేవాళ్ళను తప్పు పట్టలేం. సిరొంచ నుంచి జింగనూర్ దాకా చదువంటే డి.ఎడ్., నర్సింగ్, పోలీసు భర్తీ. మనకు తెలిసిన దారులు ఇవే. కానీ ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ళ కిందటే ఒక జవాబు ఉంది. అప్పుడు పరాయి భాష మనది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు దొరలు.

1812లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టింది. ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్ర అధికారులు జిల్లాలకు వెళ్ళేముందు అక్కడ తెలుగు, తమిళం వంటి భాషలు నేర్చుకోవాలి. పరీక్షలుండేవి. చదువు ముందుకు సాగితే భత్యం పెరిగేది. మా రైల్వేలో డిపార్ట్‌మెంటు పరీక్ష పాసైతే గ్రేడు మారినట్టే అనుకోండి. తెలుగు అప్పుడు వాళ్ళకు అన్నం పెట్టింది, పైన పదవి కూడా ఇచ్చింది.

ఆ కాలేజీకి ప్రాణం పోసినవాడు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్. 1816లో ఎ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని ముందు ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమనీ, సంస్కృతంలోంచి పుట్టినవి కావనీ అందులో చూపించాడు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, బడిలో మాకు చెప్పింది కాల్డ్‌వెల్ పేరే. కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది 1856లో. ఎల్లిస్ అంతకు నలభై ఏళ్ళు ముందు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎల్లిస్ కు తెలుగు ధాతువుల సరుకు అందించింది ఎవరు? ఆ కాలేజీలో సంస్కృతం, తెలుగు చెప్పిన పట్టాభిరామశాస్త్రి గారు. 'ఆంధ్రదీపిక' నిఘంటువు కూర్చిన మామిడి వెంకయ్య గారి పని కూడా అందులో ఉంది. ఎల్లిస్ వాళ్ళ పేర్లు దాచుకోలేదు, అది ఆయన మర్యాద. అయినా ఈ రోజు ఎల్లిస్ పేరు తెలిసినవాళ్ళలో ఎందరికి శాస్త్రి గారి పేరు తెలుసు? బ్రౌను దొర మనందరికీ తెలుసు. 1817లో మద్రాసు వచ్చి అదే కాలేజీలో చేరాడు. ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించిన వెలగపూడి కోదండరామ పంతులు గారిని తలచుకునేవాళ్ళు తక్కువ. బ్రౌను ఉద్యోగం చాలించి ఇంగ్లండు వెళ్ళాక, 1865లో లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. పంతులు గారు అరుగు మీద చెప్పే పాఠం అక్కడ యూనివర్సిటీ సబ్జెక్టు అయింది.

ఇక మన వైపు చూద్దాం. 1860లో గోదావరి ఎడమ గట్టు ప్రాంతాన్ని నిజాం ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు. సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లా పోయి మనం చాందాలో కలిశాం, 1982లో గడ్చిరోలి అయ్యాం. సరిహద్దు ఎన్నిసార్లు జరిగినా మన నోళ్ళు జరగలేదు. ఇంట్లో తెలుగో మాడియానో, బడిలో మరాఠీ, బజారులో మూడూ.

కాల్డ్‌వెల్ తన పుస్తకంలోనే గోండీని ద్రావిడ భాషల్లో చేర్చాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ లో సంస్కృతం చెప్పే బరో, కాలిఫోర్నియాలో పని చేసిన ఎమెనో కలిసి 1961లో ద్రావిడ పదాల నిఘంటువు తెచ్చారు. తమిళం, తెలుగు పక్కన గోండీ మాటకూ అందులో పీట వేశారు.

ఆ పీట ఎందుకంటే, చూడండి. తమిళంలో 'కై'. తెలుగులో 'చెయ్యి'. గోండీలో మళ్ళీ 'కై'. మన 'చెవి' గోండీలో 'కెవి'. ఇ, ఎ ముందున్న పాత 'క' తెలుగులో 'చ' అయిపోయింది, గోండీ పాత శబ్దాన్ని పోగొట్టుకోలేదు. మన 'ఏరు' పారే నీళ్ళు, గోండీ 'ఏర్' తాగే నీళ్ళు. అడవి మాట అని మనం నవ్వే మాట ఒక్కోచోట మనకంటే పాతది.

దొరలే కాదు, మనవాళ్ళూ ఈ దారిలో నడిచారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి 1957లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత మన్యంలో కొండ దొరలు మాట్లాడే భాష మీద పుస్తకం రాశారు. అది 1969లో వచ్చింది. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. భాష చదివితే ఏమొస్తుంది అనేవాళ్ళకు ఈ ఒక్క పేరు చెబితే చాలు.

అదే హైదరాబాద్ లో 1958లో ఇంగ్లీషు కోసం ఒక సంస్థ పెట్టారు. తర్వాత విదేశీ భాషలు చేర్చారు. 2007 నుంచి అది సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ అంటారు. జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్, జపనీస్, అరబిక్ అన్నీ ఉన్నాయి. దిల్లీలో జె.ఎన్.యు. ఉంది. ఫీజుల విషయంలో ఇవి ప్రైవేటు కాలేజీలు కావు, ప్రభుత్వానివి. గోదావరి మీద వంతెన వచ్చాక కాళేశ్వరం మీదుగా హైదరాబాద్ మనకు నాగపూర్ కంటే దూరమేమీ కాదు.

పిల్ల అడిగితే ముందు ఆ యూనివర్సిటీ నోటీసు తెరిచి చివరి తేదీ చూడండి. అర్హత వివరాలు మరాఠీలోకి గానీ తెలుగులోకి గానీ మార్చి చెప్పాలంటే ఆదివారం సంఘం గదిలో ఉంటాం, మార్కుల షీటు తీసుకుని రండి. అలాగే జింగనూర్ వైపు సభ్యులు ఒక పని చెయ్యాలి. చెయ్యి, చెవి, కన్ను, నీళ్ళు, ఈ నాలుగింటినీ మీ ఊళ్ళో మాడియా పెద్దలు ఏమంటారో అడిగి రాసి పంపండి. చెప్పిన పెద్దల పేరు కూడా, వాళ్ళు సరేనంటే, పక్కనే రాయండి.