మాట వినపడుతోంది, కానీ అర్థం కావట్లేదా? గోలలో పెద్దల వినికిడికి స్పీచ్ థెరపీ

ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే తాతయ్య చక్కగా మాట్లాడతారు. అదే పెళ్లి పందిట్లో అయితే ప్రతి మాటకీ "ఏంటి?" అంటారు. చెవుడు వచ్చిందనుకుని అందరూ అరిచి చెబుతారు. అరిస్తే పెద్దగా లాభం లేదు.

వయసుతో పాటు ముందుగా తగ్గేది హై ఫ్రీక్వెన్సీ వినికిడి. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు గోలలో కలిసిపోతాయి. 'పాలు' అన్నారా, 'కాలు' అన్నారా అన్నది మెదడే ఊహించుకోవాలి. శక్తంతా అక్కడే ఖర్చయిపోతే ఇంకో పని మీద ధ్యాస నిలవదు. మాట్లాడుతూ నడవలేక ఆగిపోయే వృద్ధులు ఎక్కువగా పడిపోతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే 'లాన్సెట్'లో రాశారు.

థెరపీలో మొదట తక్కువ శబ్దం మధ్య వాక్యాలు వినిపిస్తారు. తర్వాత గోల పెంచుతారు. ఆపై వింటూనే పేకముక్కలు వేరు చేయమంటారు. "ఏంటి?" అనే బదులు "ఎన్ని గంటలకి అన్నావ్?" అని అడగడం కూడా నేర్పిస్తారు. ఇంట్లో బాగా పనికొచ్చేది ఇదే. అయితే క్లినిక్‌లో కనిపించిన మెరుగుదల బయట అందరికీ ఒకేలా రాదు. హియరింగ్ ఎయిడ్ అవసరమైతే పెట్టుకోవాల్సిందే.

మామూలు ఆడియోమెట్రీ నిశ్శబ్దమైన గదిలో చేస్తారు. అందుకే గోలలో మాటలు వినే పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో, మైసూరులోని ఆయిష్‌లో ఆడియాలజిస్టులు ఉంటారు.

ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం థెరపీ అంటూ ఆగొద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి.