సికిల్ సెల్ రోగుల్లో ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లిన అనేక తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడ్డాయి. సికిల్ సెల్ వ్యాధి అధికంగా కనిపించే మధ్య భారత ప్రాంతంలోనే ఈ జిల్లా ఉంది. ఇక్కడ ఈ వ్యాధి గిరిజనులకే పరిమితం కాదు. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డ్ కులాలవారిలోనూ ఉంది.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు సంక్రమించినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాలను మూసివేస్తాయి. రక్తం అందక ఎముకలో కొంత భాగం నిర్జీవమవుతుంది. అదే తీవ్రమైన నొప్పికి కారణం. అలా దెబ్బతిన్న ఎముకలో బ్యాక్టీరియా సులువుగా స్థావరం ఏర్పరచుకుంటుంది. పేగు గోడలు దెబ్బతినడంతో అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశిస్తాయి. వాటిని వడపోయవలసిన ప్లీహం క్రమంగా శక్తి కోల్పోతుంది. అందుకే సాధారణ ప్రజల్లో ఎముక ఇన్ఫెక్షన్‌కు ప్రధాన కారణం స్టాఫైలోకోకస్ ఆరియస్ కాగా, సికిల్ సెల్ రోగుల్లో సాల్మొనెల్లా కూడా ముఖ్య కారణంగా ఉంటుంది.

అసలు చిక్కు రోగ నిర్ధారణలోనే ఉంది. నొప్పి, వాపు, జ్వరం సాధారణ నొప్పి దశలోనూ, ఇన్ఫెక్షన్‌లోనూ కనిపిస్తాయి. నొప్పి దశలే చాలా ఎక్కువగా వస్తాయి కనుక, ప్రతి నొప్పినీ ‘ఎప్పుడూ వచ్చేదే’ అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. జ్వరం 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, నొప్పి ఒకేచోట నిలిచి పెరుగుతున్నా, బిడ్డ కాలు కదపలేకపోయినా, నడవలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ముఖ్యంగా తుంటి కీలులో చీము చేరితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి దెబ్బతిని, శాశ్వత వైకల్యం మిగలవచ్చు.

వైద్యులు వీలైనంతవరకు యాంటీబయాటిక్ ఇచ్చే ముందే రక్తాన్ని కల్చర్ పరీక్షకు తీసుకుంటారు. ఎమ్మారై స్కాన్ తోడ్పడుతుంది గానీ, ఎముక నుంచి లేదా కీలు నుంచి సూదితో తీసిన ద్రవంలో బ్యాక్టీరియా కనిపిస్తేనే నిర్ధారణ బలపడుతుంది. ఎముక ఇన్ఫెక్షన్‌కు మందులు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వాడవలసి ఉంటుంది. చీము ఉంటే శస్త్రచికిత్సతో తొలగిస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మందు మానితే వ్యాధి దీర్ఘకాలికంగా మారవచ్చు.

నివారణలో అనుదిన జాగ్రత్తలకు ప్రాధాన్యం ఉంది. కాచి చల్లార్చిన నీరు తాగడం, గుడ్లు, మాంసం బాగా ఉడికించి తినడం సాల్మొనెల్లా ముప్పును తగ్గిస్తాయి. న్యూమోకోకల్, టైఫాయిడ్ టీకాలు వేయించాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు వైద్యులు పెన్సిలిన్ సూచిస్తారు. హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పి దశలను తగ్గిస్తాయి.

బిలాస్‌పూర్ రైల్వే డివిజన్ పరిధిలోని మధ్యప్రదేశ్ పట్టణం షాడోల్‌లోనే 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభమైంది. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు జరపడం, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు. పరీక్షలో వ్యాధి తేలినవారు ఆ పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మొదట చెప్పవలసిన విషయం అదే.